ప్రాణహితా తీరమున గంటల వేలుపు
(జపాను దేశపు ప్రాచీన కంచు గంటలతో ఒక పోలిక)

మానవుడు లోహమును కరగించి పోత పోయ నేర్చిన పిదప చేసికొన్న వస్తువులలో గంట విలక్షణమైనది. కత్తి కోయును, గొడ్డలి నరుకును, గిన్నె అన్నము నుడికించును. గంట యిట్టి పనులలో నొక్కటియు చేయదు. అది పలుకును. ఆ పలుకునకై, అపురూపమైన లోహమును, అంతకంటె అపురూపమైన పనితనమును, ఆదిమ సమాజములు వెచ్చించినవి. కావున ఒక జాతి గంటను ఎవరి కొఱకు మ్రోగించెను, ఎప్పుడు మ్రోగించెను, మ్రోగింపని దినములలో ఎచ్చట దాచెను అను ప్రశ్నలకు సమాధానము వెదకినచో, ఆ జాతి దైవభావనయే మనకు కొంతవఱకు గోచరించును.

ఈ వ్యాసమున రెండు దేశముల గంటలు పరిశీలింపబడుచున్నవి. ఒకటి జపాను దేశమున రెండువేల యేండ్లకు పూర్వము భూమిలో పాతిపెట్టబడిన 'దోతకు' అను కంచు గంట. రెండవది మన సిరొంచ, అహేరి, ఆదిలాబాదు ప్రాంతముల గోండుల కులదైవ సన్నిధిని నేటికిని మ్రోగుచున్న గంట. ఈ రెంటికిని చారిత్రక సంబంధము కలదని నా వాదము కాదు. మొదటిదానికి రూపము మిగిలినది, మాట పోయినది. రెండవదానికి మాట మిగిలియున్నది. దానిని వ్రాసి పెట్టిన వారు మిక్కిలి కొలదిమంది. ఒకదానిని చూచి రెండవదానిని గూర్చి మనమేమి నేర్చుకొనవలెనన్నదే ప్రస్తుత విషయము.

1. ప్రదేశ స్వరూపము

వార్ధా, వైనగంగా నదులు కలిసి ప్రాణహితయై దక్షిణముగా ప్రవహించి గోదావరిలో సంగమించును. ఆ సంగమమునకు ఎడమ గట్టున సిరొంచ, కుడి గట్టున కాళేశ్వరము. కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములుండుట లోకవిదితము. మఱికొంత దిగువను, సోమనూరు వద్ద, ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలియును. మూడు నదుల నడుమ నున్న ఈ భూభాగమున తెలుగు, గోండి, మాడియా, మరాఠీ భాషలు ఒకే సంతలో వినవచ్చును.

పరిపాలనలో ఈ సీమ పలు చేతులు మాఱినది. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఆంగ్లేయుల కప్పగింపగా, సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా యేర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దై, భద్రాచలము మదరాసు రాజధానిలోనికి, సిరొంచ చాందా జిల్లాలోనికి పోయినవి. 1956లో మధ్యప్రదేశము నుండి బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు, 1982 ఆగష్టు 26న క్రొత్తగా నేర్పడిన గడ్చిరోలీ జిల్లాకు ఈ తాలూకా చేరెను. సరిహద్దు గీతలెన్ని మాఱినను నదికి ఇరువైపుల గోండుల గోత్రములు, పెండ్లి సంబంధములు, దేవర యాత్రలు మాఱలేదు. అందుచేత గంటను గూర్చి చెప్పునపుడు ఆవలి ఆదిలాబాదును, ఈవలి అహేరిని విడదీయుట పొసగదు.

2. జపాను దోతకు

జపాను చరిత్రలో వరిసాగు, లోహపు పనియు నెలకొన్న కాలమునకు యాయోయి యుగమని పేరు. ఆ యుగమున క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దములు మొదలుకొని క్రీస్తుశకము రెండవ శతాబ్దమువఱకు దోతకులు పోయబడినవి. 'దో' యనగా రాగి లేక కంచు. 'తకు' యనగా నాలుకగల గంట. ఆకృతిలో అది మన గుడిగంటవలె గుండ్రనిది కాదు; ఇరుప్రక్కల అణచిన గొట్టమువంటిది. పైన అర్ధచంద్రాకారపు చెవి, ఇరువైపుల చేప రెక్కను బోలిన అంచు ఉండును. ఇట్టివి ఇప్పటికి అయిదువందలకు పైగా లభించినవి.

వీటి తొలిరూపము చిన్నది. కొరియా ద్వీపకల్పమున వాడుకలోనుండిన, జానెడు పొడవైనను లేని చిఱుగంటలనుండి ఇది పుట్టినదని పండితుల యభిప్రాయము. అట్టి గంటలు తొలుత పశువుల మెడనో, గుఱ్ఱముల మెడనో వ్రేలాడినవి కావచ్చును. కాలక్రమమున గంట పెరిగెను. షిగా మండలమున ఓయివయామా కొండవద్ద 1881లో దొరకిన 14 గంటలలో ఒకటి 134.7 సెంటీమీటర్ల యెత్తు, దాదాపు 45 కిలోగ్రాముల తూకము గలది. అది టోకియో జాతీయ మ్యూజియమున నున్నది. ఆ కొండవద్దనే 1962లో మఱి 10 గంటలు లభించినవి.

చిన్న గంటల లోపలి అంచున ఒక గట్టు ఉండును. నాలుక తగిలి తగిలి ఆ గట్టు అరిగియుండును. పెద్ద గంటలలో ఆ యరుగుదల కనబడదు. చెవి కూడ పలుచనై వ్రేలాడదీయుటకంటె అలంకారమునకే తగియున్నది. దీనిని బట్టి తనకా మిగాకు అను పురావస్తు పండితుడు దోతకు 'వినెడి గంట'గా మొదలై 'చూచెడి గంట'గా ముగిసినదని సిద్ధాంతము చేసెను. ఈ మాట గుర్తుంచుకొనదగినది.

గంటల మీది చిత్రములు మఱొక విశేషము. 1964లో కోబే నగరము చెంత సకురగవోకాలో 14 గంటలును, కంచుతో చేసిన 7 పరశువులును ఒకే చోట బయల్పడెను. అందు కొన్నింటిమీద జింకను వేటాడుట, ఇద్దరు మనుష్యులు రోటిలో ధాన్యము దంచుట, కొంగ, తాబేలు, చేప, పురుగులు చిన్న చిన్న గీతలతో రూపింపబడినవి. పొలము, నీరు, గాదె యను మూటి చుట్టును తిరిగెడి పల్లె బ్రదుకు ఆ చిత్రములలో నున్నది. గంట వరిపంట కోరి చేయు క్రతువునకు సంబంధించినదను నిర్ణయమునకు ఇదియే ముఖ్యాధారము.

అయితే ఈ గంటలు ఊళ్ల నడుమ, ఇండ్ల శిథిలములలో దొరకుట అరుదు. సమాధులలో అసలే యుండవు. ఊరికి దూరముగ, కొండవాలున, చిన్న గోతిలో, రెక్క నిలువుగా నుండునట్లు ప్రక్కవాటముగ పరుండబెట్టి పాతిరి. 1984లో షిమానే మండలమున కోజిందానీ యను లోయలో 358 కంచు కత్తులు బయల్పడెను. మఱుసటి యేడు వాటి చెంతనే 6 గంటలును, 16 ఈటె మొనలును దొరకినవి. 1996లో అచ్చటికి సమీపముననే కమో ఇవకురాలో పొలముబాట వేయుచుండగా యంత్రము క్రింద 39 గంటలు బయటపడెను. అందు పెద్ద గంట కడుపులో చిన్న గంటను దోపి జతలుగా పెట్టినవి పెక్కు. కోజిందానీ కత్తులలో 344 మీదను, కమో ఇవకురా గంటలు కొన్నింటి చెవులమీదను, ఒకే విధమైన అడ్డగీతల గుర్తు కలదు. ఆ గుర్తును చెక్కిన వారి భావమేదో చెప్పువారు లేరు. 2015లో అవాజీ ద్వీపమున దొరకిన 7 గంటలకు నాలుకలు కూడ లభించినవి. వానిని కట్టిన నార పోగులు సైతము మిగిలియుండినవి.

పాతిపెట్టుటకు కారణమేమన్న ప్రశ్నకు జపాను పండితులు పలు సమాధానములు చెప్పిరి. శత్రువులకు చిక్కకుండ దాచిరని కొందఱు. ఊరి పొలిమేరల కీడు రాకుండ కాపుగా పాతిరని కొందఱు. పల్లెల ఉమ్మడి పూజ నశించి గొప్ప నాయకుల కాలము వచ్చినపుడు త్యజించిరని కొందఱు. సహరా మకోతో అను పండితుడు వేఱొక ఊహ చేసెను. గంటకు నేలయే నెలవు. పండుగనాడు త్రవ్వి తీసి, మ్రోగించి, మరల పాతెడివారని ఆతని తలంపు.

ఇంత గొప్ప క్రతువును ఆ దేశీయులే మఱచిరి. ఎనిమిదవ శతాబ్దమున వెలసిన వారి ప్రాచీన రాజచరిత్రలలో దోతకు పూజను గూర్చి ఒక్కమాట లేదు. 713వ సంవత్సరమున యమతో దేశపు ఉదా ప్రాంతమున నొకడు దోతకును కనుగొని రాజసభకు సమర్పించెనని 'షోకు నిహోంగి' యను గ్రంథమున నున్నది. మూడడుగుల యెత్తు, వింత రూపము, సంగీతశాస్త్ర సమ్మతమైన ధ్వని అని దాని వర్ణన. అప్పటికి గంటలు పాతి అయిదువందల యేండ్లే గడచినవి. అంతలోనే అది సభాసదులకు వింత వస్తువైనది.

3. గోండుల గంట

ఇక మన సీమకు వత్తము. గోండులు నాలుగు, అయిదు, ఆరు, ఏడు అన్నదమ్ముల వంశములుగా, అనగా నాలుగు 'సగా'లుగా విభక్తులు. ప్రతి వంశశాఖకును 'పెర్సా పేన్' కలదు. 'పేన్' అనగా దేవుడు. 'పెర్సా' అనగా పెద్ద. ఈ పెద్దదేవునికి విగ్రహము లేదు. 'సాలే' యను ఇనుప ఈటెమొన, 'చౌవూర్' అను చామరము, వానితోడి గంటలు, ఇవియే ఆ దేవుని గుర్తులు. వీనిని కాపాడు వంశపూజారి 'కటోడా'. ఆ వంశపు కథను 'కింగ్రీ' వాయించుచు పాడువాడు పర్ధాను.

ఈ విషయమై తొలుత విపులముగ వ్రాసినవారిలో 1940వ దశాబ్దమున మార్లవాయిలో నివసించి పరిశోధించిన హైమండార్ఫ్ ముఖ్యుడు. ఆయన ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన గ్రంథము 1948లో వెలువడెను. అంతకు పూర్వమే 1916లో రస్సెలు, హీరాలాలు అనువారు మధ్యపరగణాల జాతుల గ్రంథమున గోండు దేవతలను పేర్కొనుచు ఈటెమొన, చామరము, దేవుని గుడ్డ అనువాని సరసన 'ఘాంగ్రా'ను, అనగా ఆవు మెడలో కట్టు గంటను, దేవతగనే లెక్కించిరి. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. గుడిలో దేవుడు వేఱు, గంట వేఱు; గంట దేవుని పిలుచు సాధనము. ఇచ్చట గంట సాధనము కాదు. వేలుపులలో నొక వేలుపు. పశువు మెడలోని వస్తువు దేవుని సన్నిధికి వచ్చి, సన్నిధిలో నుండియుండి తానే దేవుడైనది.

పెర్సా పేన్ పూజ ముఖ్యముగ పుష్యమాసమునను వైశాఖమునను జరుగును. తక్కిన దినములలో ఈ పవిత్ర వస్తువులు ఇంట నుండవు. ఊరికి ఎడముగ, చెట్టుననో, ప్రత్యేకమైన చిన్న పాకలోనో, మూటగట్టి యుంచబడును. పూజనాడు వానిని తెచ్చి, నీట కడిగి, ఈటెకు చామరమును గంటలను కూర్చి నిలుపుదురు. తుడుము, డోలు, కొమ్ము మ్రోగును. పర్ధాను వంశకథను పాడును. దేవతలు గుహలో బంధింపబడుట, పహాండీ కుపార్ లింగాలు వచ్చి వారిని విడిపించుట ఆ కథలలో ప్రధానము. ఆ యేట చనిపోయినవారిని పెద్దదేవునితో కలుపు తంతు కూడ ఈ పూజలోనే జరుగును. అందుచేత ఆ గంట మ్రోత చెవిని బడినపుడు గోండు వినునది కేవలము దేవుని రాక కాదు. తన తాతముత్తాతల రాక కూడ.

పూజ ముగిసిన పిదప గంట మరల మూటలోనికి, ఊరి వెలుపలికి పోవును. మ్రోగెడి దినములు ఏటికి రెండు మూడు. మౌనముగ నుండు దినములు మూడువందలకు పైబడి. ఈ మౌనము ఉపేక్ష కాదు. అగ్గికి, అంటునకు, పరాయి కంటికి దూరముగ నుంచుటయే అచ్చట గౌరవము.

గంటకు మఱికొన్ని రూపములును కలవు. దీపావళి నాళ్ల దండారీలో గుస్సాడీలు నెమలి యీకల కిరీటము దాల్చి, నడుమునకు కాళ్లకు గజ్జెలు కట్టి ఆడుదురు. ఈ నృత్యమునకు జీవితమును ధారపోసిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఆయన 2024లో పరమపదించిరి. ఇంద్రావతికి ఆవల బస్తరు సీమలో నలుగురు భుజములపై మోయు 'అంగా' దేవునికి కట్టెల చట్రముమీద నెమలి కుచ్చులతోపాటు గంటలు కట్టుదురు. దేవుడు కదలినపుడు ముందుగ పలుకునవి అవియే. అచ్చటి మారియా పడుచులు ఇనుప మువ్వలు గ్రుచ్చిన కఱ్ఱలను నేలకు తాటించుచు ఆడుటను 1938లో గ్రిగ్సన్ వర్ణించెను.

4. రాతి సమాధులలోని గంటలు

గోండుల ఆచారమునకు ఎంత ప్రాచీనత కలదో నిర్ణయించుట సులభము కాదు. కాని ఈ విదర్భ సీమలో గంట కొత్త వస్తువు కాదనుటకు భూమియే సాక్షి. నాగపూరు పరిసరములందు రాళ్లను వలయముగ పేర్చిన సమాధులు వందలకొలది కలవు. క్రీస్తు పూర్వము మొదటి సహస్రాబ్దికి చెందిన ఈ సమాధులను తాకల్‌ఘాట్-ఖాపా వద్ద 1968-69లోను, మాహుర్‌ఝరీ వద్ద 1970-72లోను ఆచార్య శాం. భా. దేవ్ త్రవ్వించెను. మనుష్యుల యెముకలతో గుఱ్ఱముల యెముకలు, గుఱ్ఱపు ముఖమునకు కట్టు రాగి తొడుగులు, ఇనుప ఆయుధములు, పక్షి బొమ్మ మూతలుగల పాత్రలు, వానితోపాటు రాగి గంటలును ఈ సమాధుల సంస్కృతిలో లభించినవి.

ఈ తాకల్‌ఘాట్‌తో ఒక విషాద స్మృతి ముడివడియున్నది. గోండుల భాషను, లింగాల కథను పర్ధానుల నోటవిని వ్రాసికొన్న మతాచార్యుడు స్టీఫెన్ హిస్లాప్. ఆయన 1863 సెప్టెంబరు 4న తాకల్‌ఘాట్ రాతివలయములను చూచి మరలుచు, వానకు పొంగిన వాగులో పడి మరణించెను. ఆయన వ్రాతపత్రములను రిచర్డు టెంపుల్ 1866లో ప్రకటించెను. బ్రదికియున్న వాక్కును, పాతిపెట్టబడిన వస్తువును రెంటిని ఒకే చూపుతో చూచిన పరిశోధకుడాయన. ఆ తరువాత ఈ రెండు మార్గములు వేఱైపోయినవి. త్రవ్వువారు పాటలు వినలేదు; పాటలు విన్నవారు త్రవ్వలేదు.

5. గంట పోయువారు

ఆదిలాబాదు గోండులకు దేవతామూర్తులను, గంటలను, నగలను పోసి యిచ్చువారు వోజ్ కులస్థులు. ఓఝాలు, వోజారులు అనియు వ్యవహరింతురు. జైనూరు మండలము ఉషేగాము వీరి పనికి పేరొందిన ఊరు. 'ఆదిలాబాదు డోక్రా' యను పేర ఈ శిల్పమునకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

పని విధానము మైనపు పోత. ముందుగ మట్టితో లోపలి అచ్చు చేయుదురు. గంటకైనచో ఈ మట్టి ముద్దయే రేపటి బోలు. దానిపై తేనెమైనమును గుగ్గిలముతో కలిపి సాగదీసిన సన్నని తీగలను చుట్టచుట్టగా అంటింతురు. చెవి, అంచు, చుక్కలు, మెలికలు అన్నియు మైనముతోనే తీర్తురు. పైన మెత్తని మట్టి పూసి, ఆరిన పిదప ముదుక మట్టి పట్టించి, లోహము పోయుటకు దారి విడుతురు. కాల్చగా మైనము కరగి జారిపోవును; దాని తావున కరగిన లోహము నిండును. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టి గంటను వెలికి తీయుదురు. ఒక్క మాట యిచ్చట చెప్పవలెను. రాగి, తగరముల కలయిక కంచు; రాగి, తుత్తునాగముల కలయిక ఇత్తడి. జపాను గంట కంచుది. వోజులు నేడు ఎక్కువగ కరగించునది పాత ఇత్తడి సామాను.

ఈ పనితనమున గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. మైనపు పోతలో అచ్చు ఒక్కసారికే. గంట పుట్టగానే అచ్చు చచ్చును. కావున ఏ రెండు గంటలును సరిగ ఒకటిగా నుండవు. జపానులో తొలినాటి దోతకులు రాతి అచ్చులలో పోసినవి. ఒసాకా చెంత హిగషినరా యనుచోట ఆ రాతి అచ్చులు లభించినవి. రాతి అచ్చు పలుమార్లు పనికివచ్చును. అందుచేత ఒకే అచ్చున పుట్టిన 'తోబుట్టువు' గంటలు దూరదూర ప్రాంతములలో దొరకి, ఏ ఊరికి ఏ ఊరితో పొత్తుండెనో చరిత్రకారులకు తెలుపుచున్నవి. మన సీమలో ఆ బంధుత్వమును తెలుపునది అచ్చు కాదు, పర్ధాను పాట. ఏ పెద్దదేవుడు ఏ ఊరినుండి ఏ ఊరికి తరలెనో, ఏ శాఖ ఏ శాఖకు అన్నయో ఆ పాటలో నుండును. పాట పోయినచో, మైనపు పోతలో పుట్టిన గంట తన బంధువులను తాను చూపలేదు.

6. తెలుగువారి గంట

తెలుగువారి గంట వేఱు మార్గమున నడచినది. ఆగమ విధిలో గంటానాదము దేవతల నాహ్వానించుటకును, దుష్టశక్తుల పారద్రోలుటకును నిర్దేశింపబడినది. శ్రీవైష్ణవులు వేదాంతదేశికుని తిరుమల గంట యొక్క యవతారముగ భావింతురు. దాసరి చేత శంఖమును చేగంటయు, జంగము చేత గంటయు, గంగిరెద్దు మెడలో మువ్వలపట్టెడ, దేవర యాటలో కాలిగజ్జె, ఇవన్నియు మన వీధులలో ఎఱిగినవే. అయినను వీనియందు గంట సేవకురాలు, వేలుపు కాదు.

అయితే పరిసర ద్రావిడ సీమలను చూచినచో గోండుల భావము ఒంటరిది కాదని తోచును. తుళునాట భూతకోలములో దైవము మీదికి వచ్చుటకు నర్తకుడు కాలికి తొడుగు అందె 'గగ్గర'. అది తొడుగువఱకు అతడు మనుష్యుడు. తొడిగిన పిదప దైవము. సంస్కృతమున చిఱుగంటకు 'ఘర్ఘర' యను పేరున్నది. గోండుల 'ఘాంగ్రా', తుళువుల 'గగ్గర', సంస్కృతపు 'ఘర్ఘర' ఈ మూటిలోను మ్రోతయే పేరైనట్లున్నది. వీనిలో ఏది దేనినుండి వచ్చినదో భాషాశాస్త్రజ్ఞులు విచారింతురుగాక.

7. సామ్యములు, భేదములు

ఇంతవఱకు చెప్పిన దానినుండి మూడంశములు తేలుచున్నవి.

మొదటిది, గంట పుట్టుక. రెండు సీమలలోను పశువు మెడలోని చిన్న గంటయే దేవకార్యమునకు ఎక్కినట్లు కనబడుచున్నది. వ్యవసాయమే బ్రదుకైన వారికి పశువు గంట ధనమునకు, క్షేమమునకు గుర్తు. అడవిలో మేయు ఆవు కనబడకున్నను గంట వినబడినంతవఱకు అది బ్రదికియున్నదని నమ్మకము. కంటికి కనబడనిదాని ఉనికిని చెవికి తెలుపుటయే గంట ధర్మము. అట్టి వస్తువు కంటికి కనబడని దేవునికి గుర్తగుట సహజము.

రెండవది, గంట నెలవు. దోతకు ఊరికి దూరముగ, కొండవాలున దొరకుటను జూచి దానిని త్యజించిరనియో, దాచి మఱచిరనియో తలచుట తొందరపాటు కావచ్చునని గోండుల ఆచారము హెచ్చరించుచున్నది. ఊరికి దూరముగ నుంచుట పరమ గౌరవమైన సమాజము మన కన్నులయెదుట నున్నది. ఏటికి రెండుమార్లు తీసి, కడిగి, మ్రోగించి, మరల దాచెడి పద్ధతి సహరా మకోతో ఊహకు దగ్గఱగా నున్నది. కాని దీనిని నిదర్శనముగ చెప్పరాదు. గోండుల మూట నేలపైన నుండును; దోతకు నేలలోపల నుండినది. కంచు మాటిమాటికి మట్టిలో నుండి లేచినచో దానికి తగిన గుర్తులు గోతిలో కనబడవలెను. కావున ఒక దేశపు ఆచారము మఱొక దేశపు వస్తువునకు అర్థము చెప్పజాలదు. ఇట్టి అర్థమును సాధ్యమే యని మాత్రము చూపగలదు.

మూడవది, గంట పరిణామము. దోతకు పెరిగి పెరిగి, అలంకృతమై, మ్రోగుట మానినది. మ్రోగుట మానిన కొలదికాలమునకే పోత పోయుటయు ఆగినది. ఊరంతటి ఉమ్మడి సొత్తైన క్రతువు నశించి, కొండలవంటి రాజసమాధుల కాలము వచ్చినది. ఆ రాజుల సమాధులలో గంటకు చోటు లేకపోయెను. గోండుల గంట నేటికిని చిన్నది. అది వంశమంతటి సొత్తు. ఏ యొక్కని యింటనుండదు. అహేరి వంటి జమీందారీలు గోండు ప్రభువులవే యైనను, పెద్దదేవుని మూట కోటలోనికి పోలేదు. చిన్నదిగను, ఉమ్మడిదిగను ఉండుటచేతనే అది నిలచినదని నాకు తోచును.

8. కర్తవ్యము

నేడు ఉషేగాము పోతలు నగరముల అంగళ్లలో విలువ పొందుచున్నవి. ఇది పనివారికి మేలు, సందేహము లేదు. కాని అంగడి కొఱకు పోసిన గంట గోడకు వ్రేలాడుట కొఱకు పోసినది. తనకా మిగాకు చెప్పిన 'చూచెడి గంట' మన యెదుటనే పుట్టుచున్నది. 'వినెడి గంట' యింకను ఊరి వెలుపలి చెట్టున నున్నది. ఈ రెండును ఒకే కాలమున కనబడు అవకాశము జపాను పండితులకు లేకపోయెను, మనకు కలదు. అది యెంతకాలముండునో మన శ్రద్ధపై నాధారపడును.

మా తాలూకాలోని తెలుగు పాఠశాలలలో ఇంట గోండి మాటలాడి, బడిలో తెలుగు చదివి, కచేరీలో మరాఠీ వ్రాయవలసిన బాలబాలికలు కలరు. గంట అనగా వారికి తెలుగున బడిగంట, మరాఠీలోను ఘంటయే. తాతగారి నోటనుండు గోండి పేర్లు, ఏ గంట ఎద్దుది, ఏది ఆటగానిది, ఏది దేవునిది అను భేదముతోకూడ, మూడవ తరమునకు అందుట లేదు. పదము పోయినచో భేదము పోవును. భేదము పోయినచో దేవుని గంటయు ఎద్దు గంటయు ఒకే ధర పలుకును.

కావున పరిశోధకులకు నా విన్నపములు రెండు. మొదటిది, ఈ గంటల పేర్లను, వానిని మ్రోగించు సందర్భములను, వాని పాటలను గోండి పలుకుబడిలోనే, తెలుగు లిపిలోనైనను, వెంటనే వ్రాసికొనవలెను. ఇందుకు ఉపాధ్యాయులు తగినవారు. ప్రతి బడిలోను చెప్పగల తాతలు కలిగిన పిల్లలున్నారు. రెండవది, మూటను విప్పి చూపుమని కటోడాను నిర్బంధింపరాదు. పండుగనాడు అందఱితో కూర్చుండి వినదగినది విని, చెప్పిన మాటలను వ్రాసికొని రావలెను. మ్యూజియమునకు గంటను తేవచ్చును; దాని మౌనమును, మ్రోతను తేలేము.

జపాను దేశమున అయిదువందల గంటలు అద్దాల బీరువాలలో భద్రముగ నున్నవి. పెక్కింటి యెత్తు, తూకము, లోహపు పాళ్లు లెక్కింపబడినవి. వాటిలో ఒక్కదానిని ఏ తిథినాడు, ఎవరు, ఏ మాట పలుకుచు మ్రోగించిరో చెప్పగల మనుష్యుడు ఆ దేశమున లేడు. ప్రాణహితకు ఇరుగట్లను ఆ మనుష్యుడు ఇంకను ఉన్నాడు. ఆతని గంట తూకము మనకు తెలియకున్నను కొఱత లేదు. ఆతడు చెప్పునది వినకపోవుటయే కొఱత. విజ్ఞులు ఈ విషయమును పరిశీలించి, నా వ్రాతలోని లోపములను సవరింతురుగాక.